అచ్చిరాని పాదు

మా పెరట్లో మొట్టమొదట మొలిచినవి మేము నాటినవి కావు. చింతపిక్కలు.

మాది రాయగడలో టోకు వర్తకుల ఇల్లు. వీధి వైపు కొట్టు, మధ్యలో మేం ఉండే గదులు, వెనక పెరడు. కొండల మీంచి వచ్చే చింతపండు, పసుపు, వలిసె గింజలు మా మామగారి రోజుల నుంచీ ఈ ఇంట్లో దిగి పార్వతీపురం వైపు పోతాయి. ఎండాకాలమంతా పెరడు మాది కాదు. చాపలు, చింతపండు గుట్టలు, పిక్క తీసే ఆడవాళ్ళ కబుర్లు. వానలు మొదలవగానే చాపలు చుట్టేస్తారు. అప్పుడు నేలలో కూరుకుపోయిన పిక్కలన్నీ ఒక్కసారి మొలిచి, పెరడంతా చింతతోపు చేసేస్తాం అన్నట్టు నిలబడతాయి. వాటిని ఎవరూ పట్టించుకోరు. తొక్కుళ్ళకి అవే పోతాయి.

ఆ ఏడు వాటిని కూర్చుని పీకింది మేం ముగ్గురం. నేను, మా అమ్మాయి, దాని తమ్ముడు.

అమ్మాయి అప్పుడు ఒడియా బడిలో రెండో తరగతి. ఒకరోజు సంచీ విసిరేసి, గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మా, నాకు పార ఇవ్వరట. తోటపనికి మొగగుంటలకే ఇస్తారట. ఆడగుంటలు నీళ్ళు మొయ్యాలట."

"నువ్వేమన్నావు?"

"ఏటీ అనలేదు. నీళ్ళు పారబోసేసి వచ్చేసేను."

తిట్టవలసిన మాటే. నేను తిట్టలేదు. కొట్లోకి కబురు పంపి పార, గునపం, కలుపు తీసే బొరిగె తెప్పించాను. "ఏం, నుయ్యి తవ్వుతున్నారా?" అని మా ఆయన అక్కడినుంచే అడిగారు.

నేను భయస్తురాలిని. ఇది ముందే చెప్పాలి. విజయనగరంలో డిగ్రీ దాకా చదివాను గానీ ఆ చదువు నా భయాల్ని తగ్గించలేదు, వాటికి పేర్లు మాత్రం ఇచ్చింది. నన్ను కాపరానికి పంపేటప్పుడు మా అమ్మ "మన్యం నీళ్ళే తల్లీ, జ్వరాల నీళ్ళే" అని రైలు కదిలేదాకా ఏడ్చింది. ఆ మాట నాతోనే రైలెక్కి వచ్చింది. పిల్లలు పుట్టాక పగలూ రాత్రీ ఎవరిదో ఒకరి నుదుటి మీద నా చెయ్యి ఉంటూనే ఉంటుంది. పెరట్లో నుయ్యి అంటే భయం, రాళ్ళ కింద తేళ్ళంటే భయం, వానాకాలం వచ్చే చలిజ్వరం అంటే అన్నిటికన్నా భయం. అయినా పిల్లని పార పట్టుకోవద్దని ఎవరో అన్నారంటే మాత్రం నాకు ఒళ్ళు మండింది. నూతికి అడ్డంగా బల్ల వేసి, రాళ్ళన్నీ తిరగేసి చూసి, పార దాని చేతికిచ్చాను. పార దానికన్నా పొడుగు.

తోట అంటే పెద్దగా ఏమీ లేదు. నూతికీ పాకకీ మధ్య మంచాలు నాలుగు పట్టేంత నేల. పేడ, పొయ్యి బూడిద కలిపి మళ్ళు చేశాం. కిరసనాయిలు డబ్బాకి అడుగున మేకుతో చిల్లులు కొట్టి నీళ్ళు చల్లాం. బెండ, తోటకూర, పందిరికి బీర. అబ్బాయి ఎవరికీ చెప్పకుండా ఒక మూల బెల్లంముక్క నాటాడు. మర్నాడు చీమలు దాన్ని మోసుకుపోతుంటే "నా బెల్లం చెట్టు, నా బెల్లం చెట్టు" అని వాటి వెనకాల ఏడుస్తూ నడిచాడు. అక్క వాడికి ఒక చింతమొక్క చూపించి, "ఇదే రా నీది, మొలిచింది" అంది. అందుకే ఆ ఒక్క చింతమొక్కనీ మేం పీకలేదు.

గుమ్మడి గింజలు అమ్మాయివి. సంతలో కొన్న గుమ్మడిముక్కని నేను తరుగుతుంటే గింజలు ఏరి, బూడిదలో దొర్లించి, కిటికీలో ఆరబెట్టుకుంది. మంచి వాన పడ్డాక పాక గోడ మొదట్లో గుంట తీసి తన చేత్తోనే నాటింది.

రెండాకులు విప్పేదాకా అత్తగారు ఏమీ అనలేదు. ఆవిడకి మా తోట ఒక వేళాకోళం. "కాలేజీ రైతు" అనేవారు నన్ను. ఒక పొద్దున్న నూతి దగ్గరకి వచ్చినావిడ పాక గోడ దగ్గర ఆగిపోయారు.

"ఓలమ్మో! ఇది గుమ్మడి కాదేటి?"

"గుమ్మడే మామ్మా. నేనే ఎట్టేను" అంది అమ్మాయి గొప్పగా.

"పీకెయ్. బేగి పీకెయ్. ఈ ఇంటికి గుమ్మడి పాదు అచ్చిరాదు."

అచ్చిరాదు అనే మాట మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉంది. ఒకరింటికి చిక్కుడు అచ్చిరాదు, ఒకరింటికి నల్లమేక, ఒకరింటికి కొత్త మంచం. ఎందుకని అడిగితే చెప్పేవాళ్ళుండరు. అడగడమే తప్పు. ఈ ఇంటికి గుమ్మడి అని నాకు ఆ పొద్దున్నే తెలిసింది. అంతవరకూ ఎవరైనా పెరట్లో ఏదైనా నాటితే కదా!

"ఎందుకు అచ్చిరాదు అత్తమ్మా?"

"ఎందుకేటి? పెద్దోళ్ళు సెప్పేరు."

"కొనుక్కుని తినొచ్చు గానీ మనింట్లో పెంచకూడదేటి మామ్మా?" అంది అమ్మాయి.

"తింటే కడుపులోకి ఎల్తాది. పెడితే ఇంటికి సుట్టుకుంటాది."

అమ్మాయి ఊరుకోలేదు. "బడిలో దీన్ని కఖారు అంటారు మామ్మా. కఖారు వద్దని పెద్దోళ్ళు సెప్పలేదు కదా?"

"ఓసి నీ తెలివి తెల్లారా!" అన్నారావిడ. నవ్వొచ్చింది ఆవిడకి, కనబడింది. కానీ నవ్వలేదు. పాదు వైపు ఇంకోసారి చూసి, నీళ్ళు తోడకుండానే లోపలికి వెళ్ళిపోయారు. అప్పుడు నాకు అది వింతగా తోచింది.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చి, విస్తరి మీంచి తలెత్తకుండా అన్నారు. "ఒక్క మొక్కే కదా. పీకేస్తే పోలా? చదువుకున్నదానివి, నువ్వే సర్దుకోవాలి."

"చదువుకున్నది సర్దుకోడానికైతే చదవకుండానే వచ్చేదాన్ని కదండీ."

ఆయన చారు పోసుకుని కొట్లోకి వెళ్ళిపోయారు. ఆయన ఎవరినీ గెలిపించరు, ఎవరినీ ఓడించరు. పాదు మాత్రం ఎవరి తీర్పూ అక్కర్లేకుండా పాక గోడ ఎక్కి, కప్పు మీద పరుచుకుంది.

గుమ్మడికి ముందు మగపువ్వులే పూస్తాయి. తరవాత అడుగున చిన్న పిందెతో ఆడపువ్వులు వస్తాయి. మాకూ వచ్చాయి. వచ్చిన పిందె వచ్చినట్టే పసుపెక్కి రాలిపోయింది. "నాను సెప్పలేదేటి" అన్నట్టు అత్తగారు నూతి దగ్గర గిలక గట్టిగా తిప్పేవారు. ముసురుకి తేనెటీగలు రావడం లేదు, అంతే. వృక్షశాస్త్రం తరగతిలో నేర్చుకున్నది నాకు ఎప్పుడూ పనికొస్తుందని అనుకోలేదు. తెల్లవారగానే పిల్లలిద్దరినీ లేపి, పాకకి నిచ్చెన వేసి, ఒక మగపువ్వు కోసి రేకులు తీసేసి, లోపలి పుప్పొడి ఆడపువ్వుకి ఎలా అద్దాలో చూపించాను. రెండో పువ్వుకి అమ్మాయే అద్దింది. నిచ్చెన మీద దానికి నాలా భయం లేదు.

"పొద్దున్నే నిచ్చెనెక్కి ఏటి సేత్తన్నారే?" కింద అత్తగారు.

"పెళ్ళి సేత్తన్నాం మామ్మా!"

"ఎవులికి?"

"గుమ్మడికి! ఇది పెళ్ళికొడుకు, అది పెళ్ళికూతురు."

"ఓలి ఓలి! ఆడగుంటకి నేర్పే సదువు ఇదేటమ్మీ?" ఈ మాట నాకు.

"ఇదే అత్తమ్మా. కాలేజీలో ఇదే నేర్పారు."

"ఇందుకేటి మీ నాన్న నిన్ను సదివించేడు!"

ఆ పిందె నిలిచింది. మర్నాడు అద్దినదీ నిలిచింది. పిందెకి వేలు చూపిస్తే కుళ్ళిపోతుందని పక్కింటి పిల్లలు చెప్పారు. నేను అలాంటిదేం లేదన్నాను గానీ అబ్బాయి నా మాట నమ్మలేదు. వాడు మోచేత్తో చూపించేవాడు. "అదిగో అక్కడ" అని మోచెయ్యి ఊపుతూ ఒళ్ళంతా తిప్పేవాడు. పందెం కోడి రెక్క ఆడించినట్టుండేది.

భాద్రపదంలో వాడికి జ్వరం వచ్చింది.

మొదట చలి. మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడాయి. తరవాత ఒళ్ళు నిప్పు. తరవాత చెమట పట్టి, దిగిందిలే అనుకున్నాక మళ్ళీ చలి. ప్రతి వానాకాలమూ నేను దేనికి భయపడుతూ ఉంటానో, అదే వచ్చింది. డాక్టరు చూసి చేదు మాత్రలు ఇచ్చారు. "ఊళ్ళో సగం ఇళ్ళలో ఇదే. మాత్రలు మానకండి, నీళ్ళు నిలవ ఉంచకండి" అన్నారు. ఇంటికి రాగానే తోటకోసం నింపిపెట్టుకున్న తొట్టె బోర్లించాను. అది చెయ్యగలిగిన పని, చేశాను.

చెయ్యలేని పని అత్తగారు గుమ్మంలో నిలబడి అడుగుతున్నారు. "పీకించెయ్ అమ్మీ. నా మాట ఇను. గుంటడి మీదకొచ్చింది."

చూడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగు వాళ్ళు అడిగారు, "పాదు ఎవులెట్టేరు?" అని.

"ఇదిగో, ఈ గుంటే" అన్నారు అత్తగారు. తిట్టి అనలేదు. మామూలుగా, ఉన్నమాట చెప్పినట్టే అన్నారు. వాళ్ళందరూ తిరిగి అమ్మాయి వైపు చూశారు.

ఆ రోజు నుంచి అది తోటలోకి వెళ్ళలేదు. తమ్ముడి మంచం పక్కన కూడా కూర్చోలేదు. గుమ్మం అవతల నిలబడి లోపలికి తొంగి చూసేది. ఒకసారి నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది. "అమ్మా, వాడు వేలు చూపించలేదు. మోచేత్తోనే చూపించేడు. నేను చూసేను."

నేను దగ్గరికి తీసుకున్నాను. కానీ అప్పటికే నేను కూడా పాక వైపు చూడ్డం మొదలుపెట్టాను. పుస్తకాలు చదివిన బుర్ర ఒకటి అంటోంది. కన్నకడుపు ఇంకొకటి అంటోంది. ఒక్క మొక్కే కదా. పీకేస్తే పోలా?

జ్వరం దిగి, మళ్ళీ పొంగిన పొద్దున్న వంటింట్లోంచి కత్తి తీసుకుని పెరట్లోకి వెళ్ళాను.

అక్కడ అమ్మాయి ఉంది. పాదు మొదలు రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు గోడకి తన్నిపెట్టి, వెనక్కి వాలి లాగుతోంది. గుమ్మడితీగకి నూగు ముళ్ళలా ఉంటుంది. అరచేతులు గీరుకుపోయి ఎర్రబడ్డాయి. ఏడవటం లేదు. పని చేసేటప్పుడు పెదవి కొరుక్కున్నట్టు కొరుక్కుంటోంది.

నన్ను చూసి ఆగింది. "నేనే పీకేస్తానమ్మా. నేనే కదా ఎట్టేను." తరవాత నా చేతిలో కత్తి చూసింది. "అమ్మా, నువ్వూ అందుకే వచ్చేవా?"

ఆ 'నువ్వూ' ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"అందుకే వచ్చాను. ఇంక కొయ్యను. నువ్వూ వదిలెయ్" అన్నాను. కత్తి నూతి గట్టు మీద పెట్టి, దాని వేళ్ళు ఒక్కొక్కటీ తీగ మీంచి విడదీశాను.

వెనకనుంచి అత్తగారి గొంతు. "పీకనీ. అదే పీకాలి. ఎట్టిన సెయ్యే తియ్యాలి."

"పీకదు అత్తమ్మా."

"గుంటడికి ఏటన్నా అయితే?"

ఇక్కడ చెప్పవలసిన మాట నాకు తెలుసు. కానీ లోపల మంచం మీద ఉన్నది నా కొడుకు.

"ఏమైనా సరే పీకదు. వాడికి తగ్గినా పాదు వల్ల కాదు, తగ్గకపోయినా పాదు వల్ల కాదు. ఇది నాటబట్టి తమ్ముడికి జ్వరం వచ్చిందని ఈ ఇంట్లో ఇంకెవరూ అనకూడదు. మీరు అనకూడదు. వచ్చినవాళ్ళు అంటే నేను ఊరుకోను."

ఆవిడ నూతి గట్టు మీద కూర్చున్నారు. చాలా కోపంగా ఉన్నారనుకున్నాను. "నన్ననలేదేటి?" అన్నారు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. "నా పెద్దోడు... మీ ఆయనకన్నా ముందోడు. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు కూడా నేవు. ఇదే పాక మీద నానే ఎక్కించేను గుమ్మడి. ఇల్లంతా కాసింది. కాపు దిగకుండానే ఆడు ఎలిపోయేడు. నీ సేత్తో ఎట్టేవు, నీ కొడుకుని సుట్టుకుపోయింది అన్నాది మా అత్త. పండగొచ్చినా అన్నాది, పబ్బమొచ్చినా అన్నాది. సచ్చేదాకా అన్నాది. మరి నాను పడలేదేటి?"

మా ఆయనకి ఒక అన్న ఉండేవాడని నాకు తెలీదు. ఈ ఇంట్లో ఆ పేరు ఎవరూ అనగా వినలేదు. నాకు ఆవిడ మీద జాలి వేసింది. అయినా ఆవిడ అడుగుతున్నది జాలి కాదు. నేను మోశాను కనుక ఈ పిల్లా మొయ్యాలి అంటున్నారు.

"మీరు పడ్డారు అత్తమ్మా. ఇది పడదు."

ఆవిడ నా వైపు చూశారు.

"మీరెట్టిన పాదు కూడా ఏమీ చెయ్యలేదు" అన్నాను.

"ఊరుకో! నీకేటి తెలుసు?" అని లేచి, చీర కొంగు దులుపుకుని లోపలికి వెళ్ళిపోయారు. మేమిద్దరం ఒకరినొకరు కౌగిలించుకున్నామనో, ఆవిడ మనసు మారిందనో రాస్తే బాగానే ఉంటుంది. అలా జరగలేదు. చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళి తమ్ముడి మంచం మీదే కూర్చోబెట్టాను. గీరుకున్న అరచేతులకి కొబ్బరినూనె రాశాను. మాత్రలు ఎప్పుడెప్పుడు వెయ్యాలో దానికి చెప్పి, మంచినీళ్ళ గ్లాసు పట్టుకునే పని దానికే ఇచ్చాను. చూడ్డానికి వచ్చిన ఒకావిడ మళ్ళీ పాదు మాట ఎత్తితే, "అమ్మా, జ్వరం గురించి అడగండి. గుమ్మడికాయ కావాలంటే కాసాక పంపిస్తాను" అన్నాను. ఆవిడ ఇంక రాలేదు. నాకు పొగరని వీధిలో చెప్పుకున్నారట. చెప్పుకోనీ.

జ్వరం తగ్గింది. మెల్లగా, మాత్రలతో, గంజితో, చిక్కి సగమైన ఒంటితో తగ్గింది. "చూశారా, పాదు పీకలేదు, అయినా తగ్గింది" అని నేను ఎవరితోనూ అనలేదు. మా ఆయన అనబోతే కూడా ఆపాను. అలా అన్నామంటే, తగ్గకపోయి ఉంటే పిల్లదే తప్పని మేమే ఒప్పుకున్నట్టు.

కాయలు దసరా దాటాక దించాం. అమ్మాయి లాగిన చోట తీగ కొంచెం నలిగింది గానీ చావలేదు. కాయ ఒకటి అబ్బాయి ఎత్తలేనంత అయింది. పూర్తి గుమ్మడికాయకి మొదటి దెబ్బ మగవాళ్ళే వెయ్యాలని ఆచారం. కొట్లోంచి మా ఆయన్ని పిలిచాం. ఆయన కత్తి పట్టుకుని కాయ ముందు కూర్చున్నారు. గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. ఆవిడని చూశారు, నన్ను చూశారు. ఎవరినీ గెలిపించని మనిషి కదా, ఏం చేస్తారోనని నేను చూస్తున్నాను. కత్తి తిప్పి, పిడి వైపు కూతురికి అందించారు.

"నువ్వెట్టిన పాదు. నువ్వే కొయ్యి."

దాని బలానికి కత్తి సగం దిగి ఇరుక్కుంది. ఆయన దాని చేతుల మీద చేతులు వేసి నొక్కారు. లోపల పండిన పసుపురంగు. అబ్బాయి మోచేత్తో గింజలు చూపిస్తున్నాడు.

బెల్లం వేసి దప్పళం పెట్టాను. అత్తగారు తినలేదు. నేను బలవంతపెట్టలేదు. సంతలో కొన్నదైతే తినేవారే. కానీ ఆ రోజు నుంచి ఈ రోజు దాకా అమ్మాయిని ఆ మాట అనలేదు. నాకు అది చాలు. అంతకన్నా ఎక్కువ అడిగే హక్కు నాకు లేదు.

ఈ రాత్రి ఇది రాస్తున్నది ఎందుకంటే మళ్ళీ వానలు మొదలయ్యాయి. ఊరి అవతల కాగితం మిల్లు కడుతున్నారు, కొత్త మనుషులు దిగుతున్నారు, జ్వరాలు ఈసారి ముందే వస్తాయని అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు. పిల్లల నుదుళ్ళు ఇప్పుడే తాకి వచ్చాను. చల్లగానే ఉన్నాయి. అబ్బాయి చింతమొక్క వాడి నడుముదాకా వచ్చింది. కిటికీలో కిందటేటి కాయ గింజలు బూడిద అంటుకుని ఉన్నాయి.

సాయంత్రం పాక గోడ దగ్గర గుంట తవ్వుతూ అమ్మాయి అడిగింది. ఇప్పుడు పార దానికన్నా పొడుగేమీ కాదు.

"అమ్మా, తమ్ముడికి మళ్ళీ జ్వరం వస్తే?"

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం."

"మరి పాదు?"

"నీళ్ళు పోస్తాం."

అది ఇంకో పార మట్టి తీసి పక్కన వేసింది.